ఐర్లండ్ పాత పల్లె ఇళ్లు, ఆ ఇళ్లలో బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్‌లో స్థిరపడిన మనవాళ్లు సెలవులకు వచ్చిన అమ్మానాన్నలను బన్‌రాటీకో కిలార్నీకో తీసుకెళ్లి గడ్డికప్పు ఇళ్లు చూపిస్తారు. చూసి వచ్చాక దాదాపు అందరూ ఇవే సందేహాలు అడుగుతారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఈ పేజీ రాశాను. ఇక్కడ ‘పాత రోజులు’ అంటే సుమారు 1800 నుంచి 1950ల దాకా. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## ఇల్లు కట్టేటప్పుడు

పోస్ట్‌కార్డుల మీద కనిపించే తెల్లటి ఇళ్లలోనే అందరూ ఉండేవారా?

లేదు. 1841 జనాభా లెక్కల్లో ఇళ్లను నాలుగు తరగతులుగా విడగొట్టారు. అట్టడుగు తరగతి అంటే ఒకే గది ఉన్న మట్టి గుడిసె. దేశంలో దాదాపు ఐదింట రెండు వంతుల కుటుంబాలు అలాంటి వాటిలోనే ఉండేవి. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన మహా కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు. ఎక్కువగా పోయింది ఆ గుడిసెల్లోని వాళ్లే. కౌలు కట్టలేని వాళ్లను వెళ్లగొట్టి, మళ్లీ వచ్చి చేరకుండా భూస్వాముల మనుషులు కప్పు పడగొట్టేవారు. కప్పు లేని మట్టిగోడ కొన్ని వానాకాలాలకే నేలలో కలిసిపోతుంది. అందుకే మ్యూజియంలో మీరు చూసే ఇల్లు చాలావరకు కాస్తో కూస్తో కలిగిన రైతుది. నిరుపేదల ఇంటి నమూనా కూడా కొన్ని చోట్ల కట్టి పెట్టారు. అక్కడ ఫొటోలు దిగేవాళ్లు తక్కువ గానీ, ముందు చూడవలసింది అదే.

గోడలు రాతివా, మట్టివా?

ప్రాంతాన్ని బట్టి ఉండేది. రాయి దొరికే పడమట, కొండ ప్రాంతాల్లో రాతిగోడలు. తూర్పున, ఆగ్నేయంలో మట్టిగోడలు. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి బాగా తొక్కి, వరస మీద వరస పేర్చి, కింది వరస గట్టిపడ్డాకే పైది వేసేవారు. గోడ రెండడుగుల మందం దాకా ఉండేది. పైన సున్నం కొడితే రాయేదో మట్టేదో బయటి నుంచి తెలియదు. ఆ సున్నం అందానికే అనుకోవద్దు. వాన నుంచి గోడను కాపాడేదీ, పురుగూ పుట్రా చేరకుండా చూసేదీ అదే.

ఇల్లు రైలుపెట్టెలా ఒకే గది వెడల్పుతో ఎందుకు ఉంటుంది?

కలప కరవు వల్ల. అడవులు ఏనాడో నరికేశారు. కప్పుకు కావలసిన దూలాల కోసం బురదనేలల్లో వేల ఏళ్లుగా పూడిపోయి ఉన్న ఓక్, పైన్ మానులను తవ్వి తీసుకున్న ఊళ్లు ఎన్నో. పొట్టి దూలాలతో వెడల్పాటి ఇల్లు కట్టలేరు కాబట్టి కుటుంబం పెరిగితే పొడవుగానే పెంచేవారు. నడవా ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలి.

పడమటి తీరంలో కప్పు మీద తాళ్ల వల ఎందుకు?

అట్లాంటిక్ గాలులకు. మామూలు గడ్డికప్పు అక్కడ ఒక్క శీతకాలం కూడా నిలవదు. అందుకే కప్పును గాలి జారిపోయేలా గుండ్రంగా తీర్చి, అడ్డంగా నిలువుగా తాళ్లు బిగించి, వాటి కొసలను గోడలో దిగేసిన రాతి మేకులకు కట్టేవారు. గాలి తక్కువగా ఉండే లోపలి ప్రాంతాల్లో హేజెల్, విల్లో కొమ్మలను చీల్చి, మధ్యకు వంచి, గడ్డిలోకి గుచ్చితే సరిపోయేది. చాలా ఇళ్లలో గడ్డి కింద పచ్చికతో సహా కోసిన మట్టి దుప్పటి ఒకటి పరిచి ఉంటుంది. చలిని ఆపేది ముఖ్యంగా అదే. ఓట్స్ గడ్డి కప్పును కొన్నేళ్లకోసారి తిరగేయాలి. నదుల పక్కన దొరికే రెల్లు దశాబ్దాలు మన్నుతుంది.

తలుపు సగానికి కోసినట్టు ఉంటుందెందుకు?

కింది సగం మూసి పై సగం తెరిస్తే వెలుతురూ గాలీ లోపలికి వస్తాయి, కోళ్లూ పందులూ రావు, పాకే పిల్లలు బయటికి పోరు. గాజు ఖరీదు, చలి ఎక్కువ కావడంతో కిటికీలు చిన్నవిగా ఉండేవి. అందుకని పగటి వెలుతురు చాలావరకు ఈ అరతలుపు మీదుగానే వచ్చేది. దాని మీద మోచేతులు ఆన్చి దారినపోయేవాళ్లతో కబుర్లాడటం ఇంటి పెద్దల హక్కు.

స్థలం ఎంచుకోవడానికి వాస్తు లాంటిదేమైనా ఉండేదా?

ఉండేది, కాకపోతే దిక్కుల లెక్క తక్కువ, అదృశ్య జనుల (కంటికి కనబడకుండా తిరుగుతారని నమ్మే ఫెయిరీల) భయం ఎక్కువ. వాళ్లు తిరిగే దారికి అడ్డంగా ఇల్లు కడితే పశువులు చస్తాయని, పిల్లలకు జబ్బు చేస్తుందని నమ్మేవారు. స్థలం నాలుగు మూలలా రాళ్లో కర్రలో పెట్టి రాత్రంతా వదిలేసేవారు. తెల్లారేసరికి కదిలి ఉంటే ఆ చోటు వదులుకోవలసిందే. ఉన్న ఇంటిని పడమటికి పెంచడం అరిష్టమనేవారు. ఒంటరిగా నిలిచిన హాథార్న్ ముళ్లచెట్టును, గుండ్రటి పాత మట్టిగట్లను ముట్టుకునేవారు కాదు. ఆ గట్లు నిజానికి వెయ్యేళ్లకు పైబడిన రైతుల ఇళ్ల ఆవరణలు. నేటికీ అవి వేల సంఖ్యలో మిగిలాయంటే, నాగలి నుంచి వాటిని చట్టం కన్నా ముందు ఈ భయమే కాపాడిందని నా అభిప్రాయం.

## ఇంటి లోపల

అన్నీ పొయ్యి చుట్టూనే ఎందుకు?

ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు పొయ్యి ఎక్కడుందో చూడండి. ఇల్లు సగం అర్థమైపోతుంది. తూర్పు, మధ్య ప్రాంతాల్లో గుమ్మం సరిగ్గా పొయ్యి ఎదుటే ఉంటుంది. గాలి నేరుగా నిప్పు మీదికి రాకుండా మధ్యలో చిన్న అడ్డుగోడ కడతారు, అందులో ఒక చిల్లు. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలావిడ అందులోంచి గుమ్మంలోకి ఎవరొచ్చారో చూసేది. పడమట, ఉత్తరాన అడ్డుగోడ ఉండదు. గుమ్మం పొయ్యికి ఎడంగా, గదికి అవతలి కొసన ఉండి సూటిగా వంటగదిలోకి తెరుచుకుంటుంది.

పొయ్యి పక్కన గిరగిర తిరిగే ఇనుప చేయి ఒకటి ఉంటుంది. దానికి కొక్కేలు, కొక్కేలకు కుండలు. మంట పెంచడం తగ్గించడం ఉండదు. కుండనే పైకి కిందికి జరుపుతారు, లేదా చేయి తిప్పి నిప్పు మీది నుంచి పక్కకు తెస్తారు. గోడలో చిన్న గూళ్లుంటాయి. ఉప్పు, పొగాకు లాంటి తడి తగలకూడని సరుకులన్నీ అందులోనే. వంట, వెచ్చదనం, బట్టలు ఆరేయడం, ప్రార్థన, కథ, పెళ్లి బేరం అన్నీ దాని ముందే జరిగేవి.

రాత్రి కూడా నిప్పు ఆర్పేవారు కాదట, నిజమేనా?

నిజమే. పడుకోబోయే ముందు ఇల్లాలు కణికలను ఒకచోట చేర్చి నివురు కప్పేది. కప్పుతూ ఇంటిని కాపాడమని పునీత బ్రిజిడ్‌ను, మేరీమాతను తలుచుకునేది. తెల్లవారి నివురు తీసి ఎండు పీట్ (బురదనేలలో కోసి తెచ్చే ఇంధనం) ముక్క తగిలిస్తే నిమిషాల్లో మంట. నిప్పు ఆరిపోవడం దురదృష్టం, కాస్త నామోషీ కూడా. కొత్త ఇంటికి మారేటప్పుడు పాత పొయ్యిలోని కణికలు తీసుకెళ్లేవారు. మే 1న మాత్రం ఎవరడిగినా ఇంట్లోంచి నిప్పు ఇచ్చేవారు కాదు, దాంతోపాటు ఏడాది అదృష్టమూ పోతుందని.

పీట్ అంటే ఏమిటి? దాన్నెలా తెచ్చుకునేవారు?

బురదనేలల్లో పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, మొక్కల పదార్థం. ఐరిష్ వాళ్లు దాన్ని టర్ఫ్ అంటారు. వసంతంలో పైనున్న పచ్చిక చెక్కేసి, ‘స్లాన్’ అనే రెక్క ఉన్న పారతో తడి ఇటుకల్లా కోస్తారు. ఒకరు కోస్తుంటే ఒకరు అందుకుని నేల మీద పరుస్తారు. కాస్త గట్టిపడ్డాక నాలుగైదు ముక్కలను ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు, గాలి నాలుగు వైపులా తగలాలి కాబట్టి. నడుము విరిగే పని అది, ఎక్కువగా పిల్లల వాటా. ఎండాకాలం చివర్లో గాడిదకు రెండు వైపులా బుట్టలు కట్టి ఇంటికి చేర్చి గోడ పక్కన పేర్చేవారు. వానలు తెరిపి ఇవ్వని ఏడాది కట్టెలు లేని ఏడాదే.

ఇల్లంతా పొగ కాదా?

పొగగొట్టం ఉన్న ఇంట్లో అంత కాదు. పేదల గుడిసెల్లో పొగగొట్టమే ఉండేది కాదు. పొగ కప్పు చిల్లులోంచో తలుపులోంచో పోయేది. పీటలు అంత పొట్టిగా ఉండటానికి ఒక కారణం అదే, పొగ పైన తేలుతుంటే మనిషి కిందుగా కూర్చుంటాడు.

ఆవు, పంది నిజంగా మనుషులతోనే ఉండేవా?

పడమటి, వాయవ్య ప్రాంతాల్లో చాలా ఇళ్లలో అవును. ఒకే పొడవాటి గది. నేల కాస్త వాలుగా ఉన్న కొసన ఆవులు, ఎగువన పొయ్యి, మనుషులు, మధ్యలో పేడనీళ్లు పోయే కాలువ. ఆవుల ఒంటి వేడి ఇంటికి పనికొచ్చేది, ఇంటి వేడికి ఆవు బాగా పాలిస్తుందనీ నమ్మేవారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన యాత్రికులు దీన్ని చూసి ముక్కు మూసుకుని పుస్తకాలు రాశారు. ఆ ఒక్క ఆవు పోతే ఆ ఇల్లు ఏమవుతుందో వాళ్లకు పట్టలేదు. పంది సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: దాన్ని పెంచేది తినడానికి కాదు, అమ్మి కౌలు కట్టడానికి. పడమటి పేద జిల్లాల బాగు కోసం 1891లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు, పశువులకు వేరే కొట్టం కట్టుకోవడానికి సాయం చేశాకే ఈ పద్ధతి బాగా తగ్గింది.

పదిమంది ఉన్న ఇంట్లో ఎక్కడ పడుకునేవారు?

ఎక్కడ చోటుంటే అక్కడ. పగలు బల్లగా ఉండి, రాత్రి ముందుకు తెరిస్తే నేల మీద పెట్టెలా పరుచుకునే చెక్క మంచం పిల్లలకు, అతిథులకు, బిచ్చగాళ్లకు కూడా. అబ్బాయిలు అటక మీద. వాయవ్యాన పొయ్యి పక్క గోడను బయటికి తోసినట్టు కట్టి, ఆ గూటిలో ముసలివాళ్లకు పక్క వేసేవారు. ఇంట్లో అంతకన్నా వెచ్చని చోటు లేదు. కొడుక్కి పెళ్లయ్యాక తల్లిదండ్రులు పొయ్యి వెనక గదిలోకి మారేవారు. పరుపులో గడ్డి, ఈకలు. పిండి గోతాలను ఉతికి తెల్లబరిచి కుట్టిన దుప్పట్లు ఇరవయ్యో శతాబ్దంలోనూ మామూలే. ఎంత ఉతికినా మిల్లు పేరు పూర్తిగా పోయేది కాదు.

## తిండి, ఇంటిపని

మూడు పూటలా బంగాళాదుంపలేనా?

కరవుకు ముందు పేదలకు అంతే. కష్టపడే మగమనిషి రోజుకు అయిదారు కిలోలు తినేవాడు, మజ్జిగ నంజుకుని. ఉడికాక కుండను వెదురుబుట్టలాంటి అల్లిక బుట్టలోకి వంచి, నీళ్లు కారాక, ఆ బుట్టనే ఖాళీ కుండ మీద బల్లలా పెట్టేవారు. చుట్టూ కూర్చుని గోరుతో తొక్క తీసుకుంటూ తినడమే. పళ్లేల గొడవ లేదు. వినడానికి దీనంగా ఉన్నా బంగాళాదుంప, పాలు కలిస్తే పోషకాహారమే. చిక్కంతా జూన్, జులైలలో. పాత దుంపలు అయిపోయి కొత్తవి ఊరకముందు ఓట్స్ జావో, అప్పో. కోస్తాలో హెరింగ్ చేప, కలిగినవాళ్ల ఇంట్లో క్యాబేజీతో ఉప్పు పంది మాంసం ఉండేవి. టీ ఇంటింటికీ పాకింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే.

సోడా బ్రెడ్ వేల ఏళ్ల వంటకమా?

కాదు. వంటసోడా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది, బ్రెడ్ దాని వెంటే. ఐరిష్ గోధుమ మెత్తరకం, ఈస్ట్‌తో బాగా పొంగదు. సోడా, పుల్ల మజ్జిగ కలిస్తే మాత్రం వెంటనే పొంగుతుంది. ఓవెన్ ఉండేది కాదు కాబట్టి మూత ఉన్న బరువైన ఇనుప కుండలో ముద్ద పెట్టి, మూత మీద కూడా కణికలు పేర్చేవారు. పిండి మీద కత్తితో పెట్టే శిలువ గాటు దేవుడి కోసం అంటారు. లోపల దాకా ఉడకడానికీ అది అవసరమే.

వెన్న చిలికేటప్పుడు ఇంటికొచ్చిన వాళ్లూ చేయి వేయాలట, ఎందుకు?

చేయి వేయకుండా వెళ్లిపోతే వెన్న కూడా వెంట తీసుకుపోయినట్టే అని నమ్మకం. నిలువు చెక్కపీపాలో కర్ర పైకీ కిందికీ ఆడించాలి, చేతులు పడిపోతాయి. కాబట్టి వచ్చినవాడి చేత నాలుగు పోట్లు వేయించుకునే ఆచారాన్ని ఎవరు పుట్టించారో గానీ తెలివిగలవాళ్లే. మే 1 తెల్లవారుజామున పొరుగింటివాళ్లు మన పచ్చిక మీది మంచుబిందువులు తీసుకుని మన వెన్న దొంగిలిస్తారన్న భయం చాలా గట్టిది.

వెన్నంటే డబ్బు. 1770 నుంచి 1924 దాకా నడిచిన కార్క్ వెన్న మార్కెట్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది. చెక్క పీపాల్లో ఉప్పువేసిన వెన్న అక్కడి నుంచి ఓడలెక్కేది. ఇంట్లో చిలికేది ఆడవాళ్లే. పాడిపనిని పాల కేంద్రాల్లోని యంత్రాలు తీసుకున్నాక వాళ్ల చేతిలో మిగిలింది కోడిగుడ్ల డబ్బు. టీ, చక్కెర, పిల్లల చెప్పులు దాంతోనే.

కరెంటు లేని రోజుల్లో వెలుగు?

తుంగ కాడ తొక్క ఒలిచి, లోపలి మెత్తటి బెండును కరిగిన కొవ్వులో ముంచి ఆరబెట్టి వెలిగించేవారు. ఒక్కోటి కొద్దిసేపే వెలుగుతుంది. తర్వాత కిరోసిన్ దీపం వచ్చింది.

నీళ్లు ఎక్కడి నుంచి?

బావి నుంచి, బకెట్లతో. మోసేది ఆడవాళ్లు, పిల్లలు. 1960ల మొదట్లో కూడా వేల పల్లె ఇళ్లకు కుళాయి లేదు. 1910లో వేరే పేరుతో పుట్టిన ఐరిష్ గ్రామీణ మహిళా సంఘం కుళాయి కోసం ఉద్యమించింది. పన్నులు పెరుగుతాయని రైతు సంఘాల మగవాళ్లు అడ్డుపడ్డారు. బకెట్ మోసేది తాము కాదు కదా.

## కుటుంబం, పండగలు

వాళ్లలోనూ కట్నం ఉండేదా?

ఉండేది, ముఖ్యంగా కరవు తర్వాత పొలం ఉన్న కుటుంబాల్లో. పెళ్లిళ్ల పేరయ్య కుదిర్చాక పెళ్లికూతురి తండ్రి వచ్చి వరుడి పొలం నడిచి, ఆవులు లెక్కపెట్టుకుని, ఆ మీదటే డబ్బు మాట ఎత్తేవాడు. ఆ కట్నం సాధారణంగా వరుడి తండ్రి చేతికి వెళ్లేది. ఆయన దాంతో తన కూతురి పెళ్లి చేసేవాడు. పొలం ఒక కొడుక్కి, కట్నం ఒక కూతురికి, మిగిలినవాళ్లకు అమెరికా ఓడ టికెట్. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో పెళ్లిళ్లు నిషేధం కాబట్టి అంతకు ముందు వారాల్లో హడావుడి. అప్పటికీ కుదరని బ్రహ్మచారుల వీపు మీద ఉపవాసాల మొదటి ఆదివారం పిల్లలు సుద్దముక్కతో గీతలు గీసేవారు.

పాత ఫొటోల్లో మగపిల్లలు గౌన్లు వేసుకున్నారేమిటి?

పడమటి తీరంలోని అరన్ దీవుల్లో, కొనమారాలో పదీ పన్నెండేళ్ల దాకా అదే వేషం. అదృశ్య జనులు మగపిల్లలను ఎత్తుకుపోతారని, గౌను వేస్తే ఆడపిల్ల అనుకుంటారని చెప్పేవారు. ఇంట్లో నేసిన ఉన్ని బట్టతో లాగు కుట్టడం కన్నా గౌను కుట్టడం తేలిక, పెరిగే పిల్లాడికి మడత విప్పితే సరిపోతుంది. రెండు కారణాలూ నిజమే అయి ఉండవచ్చు.

చర్చి ఉండగా ఇంట్లో పూజ ఎందుకు?

కాథలిక్కుల మీద ఆంక్షలున్న కాలంలో ఇళ్లలో పూజ జరిగేది. అది ‘స్టేషన్’ పేరుతో నిలిచిపోయింది. ఊళ్లో ఇళ్లకు వంతులుండేవి. ఈసారి మన ఇల్లు అంటే ఇక చూడాలి, గోడలకు సున్నం, తలుపుకు రంగు, ఆవరణంతా ఊడ్పు, అప్పు చేసైనా కొత్త టీ కప్పులు. ఇళ్లకు మరమ్మతులు చేయించడంలో ఏ ప్రభుత్వ పథకమూ దీనికి సాటి రాదు. గుమ్మం మీద కనిపించే తుంగ శిలువ మాత్రం వేరే. అది జనవరి 31 సాయంత్రం పునీత బ్రిజిడ్ పేర అల్లేది.

సాయంత్రాలు ఎలా గడిచేవి?

ప్రతి ఊళ్లోనూ పొరుగువాళ్లు చేరే ఇల్లు ఒకటుండేది. తలుపు తట్టరు, ‘ఇంట్లో అందరికీ దేవుడి దీవెన’ అంటూ వచ్చి కూర్చుంటారు. పేకాట, ఫిడేలు, ‘షానఖీ’ అనే కథకుడు. మగవాళ్ల పొగాకు గొట్టాల పొగలో ఆడవాళ్లు అల్లికలు అల్లుకుంటూ వినేవారు.

ఎవరైనా చనిపోతే?

గడియారం ఆపేస్తారు, అద్దం కప్పేస్తారు, కిటికీ తెరుస్తారు. శవాన్ని ఒంటరిగా వదలరు; రాత్రంతా జాగారం. వచ్చినవాళ్లకు మట్టి గొట్టాల్లో పొగాకు, నశ్యం, టీ, కొన్నిచోట్ల విస్కీ. ఏడ్చి పాడే ఆడవాళ్లు ఉండేవారు, మతాధికారులు దాన్ని మాన్పించడానికి చాలా ప్రయత్నించారు. అమెరికా వెళ్లే పిల్లకో పిల్లాడికో ముందు రాత్రి ఇలాంటి జాగారమే చేసేవారు. మళ్లీ చూస్తామన్న ఆశ చాలామందికి ఉండేది కాదు.

## మారిన రోజులు, ఇప్పటి సంగతి

పల్లెలకు కరెంటు ఎప్పుడొచ్చింది?

గ్రామీణ విద్యుదీకరణ తొలి స్తంభాన్ని 1946 నవంబర్ 5న డబ్లిన్ ఉత్తరాన కిల్సాలహన్‌లో నిలబెట్టారు. కెర్రీలోని బ్లాక్ వ్యాలీకి కరెంటు అందేసరికి 1970ల రెండో సగం. స్థిర రుసుము ఇంటి విస్తీర్ణాన్ని బట్టి ఉండేది కాబట్టి కొందరు వద్దన్నారు, కొందరు గడ్డికప్పు అంటుకుంటుందని భయపడ్డారు. బల్బు వెలిగిన రాత్రి ఇళ్లలో ముందు కనిపించినవి మూలల్లో బూజు, గోడ మీద మసి.

ఇంత చక్కటి ఇళ్లు ఎందుకు వదిలేశారు?

చక్కటివని మనం అంటున్నాం. తడి గోడలు, క్షయ, కప్పు నేసేవాడి కోసం ఎదురుచూపు వాళ్లకు తెలుసు. గడ్డికప్పు పేదరికానికి గుర్తు. పలకరాయి, రేకు కప్పులు పరువు. 1883 చట్టం తర్వాత కూలీల కోసం స్థానిక సంస్థలు మొదటి ప్రపంచ యుద్ధం నాటికి నలభై వేలకు పైగా ఇళ్లు కట్టించాయి, అరెకరం పెరడుతో సహా. కొన్నిచోట్ల ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో మిగిలిన కొద్దిమందిని 1953లో ప్రభుత్వం ఒడ్డుకు చేర్చింది.

పిల్లలకు చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

క్లేర్‌లో బన్‌రాటీ, కెర్రీలో మక్రాస్ సంప్రదాయ పొలాలు, అక్కడ 1930లు, 40ల నాటి జీవితం కనిపిస్తుంది, డొనెగాల్‌లో 1967లో మొదలైన గ్లెన్‌కొలమ్‌కిల్ జానపద గ్రామం, బెల్‌ఫాస్ట్ దగ్గర అల్స్టర్ జానపద మ్యూజియం. వస్తువులు దగ్గరగా చూడాలంటే మేయోలోని టర్లా పార్క్‌లో ఉన్న పల్లె జీవిత మ్యూజియం. ఇంట్లో కూర్చుని చదవాలంటే 1937–39లో బడిపిల్లలు తమ ఇంటి పెద్దల నోట విని రాసిన నోటుపుస్తకాలు ‘దూఖస్’ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. మీరుండే ఊరి పేరుతో వెతకవచ్చు.

పాత రాతి ఇల్లు కొన్నాం. చెమ్మ ఎక్కువగా ఉంది, సిమెంటు పూయించవచ్చా?

వద్దు. ఆ గోడలు తడి పీల్చి వదిలేలా కట్టినవి. సిమెంటు పూస్తే లోపలికి చేరిన తడి బయటికి పోయే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పెరుగుతుంది. మట్టిగోడకైతే మరీ ప్రమాదం. సున్నపు గారే వాడే మేస్త్రీని వెతకండి. పని మొదలుపెట్టక ముందు ఇల్లు కౌన్సిల్ వారి రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో కనుక్కోండి. ఉంటే కిటికీ మార్చడానికి కూడా అనుమతి కావలసి రావచ్చు. గడ్డికప్పు ఇల్లయితే ధర మాట్లాడుకునే ముందే బీమా ఎవరిస్తారో అడిగి తెలుసుకోండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.